యంత్రం చదివే కాగితం

జనవరి నెల. మిరప చేను ఒక కోత అయిపోయి రెండో కాపు పూత మీదుంది. పొద్దున్నే చేలోకి వెళ్లిన రైతు స్టార్టర్ బటన్ నొక్కాడు. మోటారు ఒక్కసారి గుర్రుమని ఆగిపోయింది. మళ్లీ నొక్కాడు, మళ్లీ అంతే. మిరప వేరు లోతుకు పోదు. సమయానికి తడి అందకపోతే పూత రాలిపోతుంది. రైతు ఫోను తీసి భద్రాచలంలోని మోటారు మెకానిక్ షాపుకు వాయిస్ మెసేజి పెట్టాడు.

“అన్నా, గుండాల నుంచి మాట్లాడుతున్నా. మోటారు ఎత్తట్లేదు. గుర్రుమని ఆగిపోతోంది. రేపు పొద్దున్నే రావాలన్నా, చేను పూత మీదుంది.”

ఇది ఊహించి రాసిన సంఘటనే. అయినా ఖమ్మం నుంచి భద్రాచలం దాకా, అక్కడి నుంచి చర్ల అడవి అంచు దాకా బోరు మోటారు ఉన్న ఏ రైతుకూ ఇది కొత్త కాదు. ఇందులో ఒక్క మార్పు చేసి చూద్దాం. ఆ మెసేజి విన్నది మెకానిక్ కాదు, షాపు పనుల కోసం పెట్టుకున్న ఒక ఏఐ ఏజెంటు. రైతు గొంతును అక్షరాలుగా మార్చుకుని, అర్థం చేసుకుని, మెకానిక్ డైరీలో ఖాళీ చూసి, వంతు వేసి, “ఫలానా రోజు ఫలానా వేళకు వస్తారు” అని తిరిగి చెప్పడం దాని పని.

మెకానిక్ స్వయంగా విని ఉంటే గొంతును బట్టే మనిషిని పోల్చుకునేవాడు. ఏ గుండాలో, ఎవరి చేనో, అక్కడికి ఏ దారిన పోవాలో అతనికి తెలుసు. ఏజెంటుకు ఇవేవీ తెలియవు. షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్‌ను ఎలా వాడాలో ఎవరో ఒకరు రాసిపెట్టిన కాగితమే దానికి ఆధారం. ఆ కాగితాన్ని సాఫ్ట్‌వేర్ రంగంలో డాక్యుమెంటేషన్ అంటారు. ఈ అధ్యాయం దాని గురించే.

చెప్పే యంత్రం, చేసే యంత్రం

ఖమ్మం జిల్లా రైతుకు ఏఐ ఇప్పటికే పరిచయం. 2022లో తెలంగాణ ప్రభుత్వం, ప్రపంచ ఆర్థిక వేదిక కలిసి ఈ జిల్లాలో ‘సాగు బాగు’ కార్యక్రమాన్ని నడిపించాయి. డిజిటల్ గ్రీన్ సంస్థ ద్వారా సుమారు 7,000 మంది మిర్చి రైతులకు వాట్సాప్‌లో తెలుగు సలహాలు, భూసార పరీక్షలు, కాయ నాణ్యతను కంప్యూటర్ చూపుతో తేల్చే పద్ధతి, కొనుగోలుదారులతో కలిపే డిజిటల్ వేదిక అందాయి. ఎకరా దిగుబడి 21 శాతం పెరిగిందని, పురుగుమందుల వాడకం 9 శాతం, ఎరువుల వాడకం 5 శాతం తగ్గాయని, పంటకు ధర 8 శాతం మెరుగుపడిందని ప్రపంచ ఆర్థిక వేదిక ప్రకటించింది. 2023 ఆగస్టులో ప్రారంభమైన వ్యవసాయ డేటా మార్పిడి వేదిక ‘ఏడెక్స్’ తొలి దశ కూడా ఖమ్మం జిల్లాలోనే మొదలైంది.

‘సాగు బాగు’లోని వాట్సాప్ సేవ సలహా చెప్పే యంత్రం. అది మందు పేరు చెబితే రైతు వింటాడు, పక్క చేను రైతును అడుగుతాడు, తన అనుభవంతో బేరీజు వేసుకుంటాడు, ఆ తర్వాతే పిచికారీ చేస్తాడు. యంత్రం పొరపాటుకూ పొలానికీ మధ్య ఒక మనిషి ఆలోచన అడ్డుగా ఉంటుంది.

ఏజెంటు అలా కాదు. అది చేసే యంత్రం. తేదీ వేస్తుంది, మనిషిని పంపుతుంది, ఒకరి వంతు జరిపి ఇంకొకరికి ఇస్తుంది. అది పొరబడితే మెకానిక్ పెట్రోలు పోసుకుని తప్పు ఊరికి వెళ్తాడు. ఆ రోజంతా అసలు ఊరిలో చేను ఎండుతుంది. సలహా నుంచి చేతకు మారినప్పుడే రాతపూర్వకమైన సూచనల విలువ ఒక్కసారిగా పెరిగింది.

ఏజెంటుకు కనిపించేది ఎంత?

ఏఐ ఏజెంటు లోపల ఉండేది ఒక పెద్ద భాషా నమూనా. అది మాటలను చదువుతుంది, మాటలను పుట్టిస్తుంది. అంతకు మించి దానికి చేతులు లేవు. బయటి పని చేయాలంటే మరో సాఫ్ట్‌వేర్ సాయం కావాలి. ఆ సాఫ్ట్‌వేర్‌ను ‘టూల్’ అంటారు, అంటే పనిముట్టు. 2023 జూన్‌లో ఓపెన్‌ఏఐ తన నమూనాలకు ఇలాంటి పనిముట్లను పిలిచే సౌకర్యం ఇచ్చింది. 2024 నవంబరులో ఆంత్రోపిక్ సంస్థ ‘మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్’ అనే బహిరంగ ప్రమాణాన్ని విడుదల చేసింది. ఏ కంపెనీ నమూనా అయినా, ఎవరి పనిముట్టునైనా ఒకే పద్ధతిలో వాడుకునేందుకు అది దారి వేసింది.

పని జరిగే తీరు ఇది. పనిముట్టు పేరు, అది ఏం చేస్తుందో చెప్పే నాలుగు వాక్యాలు, దానికి ఇవ్వాల్సిన వివరాల జాబితా ముందుగా నమూనా ఎదుట పెడతారు. రైతు మాట రాగానే నమూనా ఆ జాబితా చదివి, సరిపోయే పనిముట్టును ఎంచుకుని, ఖాళీలు నింపి ఒక చీటీ రాస్తుంది. బయట ఉన్న ప్రోగ్రాం ఆ చీటీ అందుకుని పని జరిపించి, ఫలితాన్ని మళ్లీ అక్షరాల్లోనే వెనక్కి ఇస్తుంది. పనిముట్టు లోపలి కోడ్ మామూలుగా నమూనాకు కనబడదు. ఆ నాలుగు వాక్యాలూ, ఆ జాబితా, తిరిగి వచ్చే ఫలితం, ఇవే దానికి కనబడే ప్రపంచం.

సాఫ్ట్‌వేర్‌తో పాటు వివరణ రాయడం పాత సంప్రదాయమే. అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ కోసం రాసిన మొదటి మాన్యువల్ మీద 1971 నవంబరు 3 అనే తేదీ ఉంది. ఒక్కో ఆదేశానికి ఒక్కో పేజీ. అందులో ‘బగ్స్’ అనే శీర్షిక కింద ఆ ఆదేశంలో ఉన్న లోపాలను రాసినవాళ్లే ఒప్పుకుని చెప్పేవారు. చదివేవాడు మోసపోకూడదన్న నిజాయితీ అది.

అయితే ఇన్నాళ్లూ మాన్యువల్ చదివింది మనుషులు. అర్థం కానిచోట మనిషి ఆగుతాడు, రాసినవాడికి ఫోను చేస్తాడు. భాషా నమూనా అలా ఆగాలన్న నియమం ఏమీ లేదు. ఖాళీ కనబడితే తనకు సబబనిపించిన దానితో నింపి ముందుకు పోగలదు. మనిషి చదివే మాన్యువల్‌లో లోటు ఉంటే ఒక సందేహం పుడుతుంది. యంత్రం చదివే మాన్యువల్‌లో లోటు ఉంటే ఒక తప్పుడు పని జరుగుతుంది.

మన మెకానిక్ షాపు పనిముట్టుకు మొదట ఇలా రాశారనుకుందాం: “సర్వీస్ విజిట్ బుక్ చేస్తుంది. ఊరు, తేదీ, సమస్య ఇవ్వాలి.” ఇందులో అబద్ధం లేదు, భాష తప్పు లేదు. హైదరాబాదులో ఏసీ బాగుచేసే కంపెనీకి ఇది కొంతవరకు సరిపోవచ్చు కూడా. గోదావరి ఒడ్డున ఇది ఎక్కడెక్కడ విరుగుతుందో ఒక్కొక్క మాటే పట్టుకుని చూద్దాం.

‘ఊరు’ అంటే?

గుండాల ఎక్కడుంది? భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో పడమటి అడవుల వైపు గుండాల పేరుతో ఏకంగా ఒక మండలమే ఉంది. భద్రాచలం పట్టణాన్ని ఆనుకుని, కొద్ది కిలోమీటర్ల దూరంలో ఇంకో గుండాల ఉంది. అది ఆంధ్రప్రదేశ్‌లోని గ్రామం. భద్రాచలం మెకానిక్‌కు “గుండాల” అని ఫోను వస్తే పక్కనున్న ఊరే గుర్తొస్తుంది. జిల్లా పటం చూసే యంత్రానికి మండల కేంద్రం ముందుగా దొరుకుతుంది. తప్పు గుండాల ఎంచుకుంటే మెకానిక్‌కు ఒక రోజు పని పోయినట్టే.

ఈ ప్రాంతంలో చిరునామాలు కాలంతో పాటు కదిలాయి. భద్రాచలం 1959 దాకా తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. ఆ తర్వాత ఖమ్మం జిల్లాలో కలిసింది. 2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు పోలవరం ముంపు ప్రాంతం పేరుతో చుట్టుపక్కల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి, భద్రాచలం పట్టణం తెలంగాణలో మిగిలింది. 2016 అక్టోబరు 11న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా ఏర్పడింది. అదే రోజున వెంకటాపురం, వాజేడు మండలాలు జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోకి, 2019లో ములుగు జిల్లాలోకి మారాయి. ఊళ్లు ఉన్నచోటనే ఉన్నాయి, కాగితం మీద పేర్లు మారాయి.

భాషా నమూనాలు నేర్చుకునేది ఇన్నేళ్లుగా పోగుపడిన రాతల నుంచి. ఆ రాతల్లో ‘ఖమ్మం జిల్లా భద్రాచలం’ లెక్కలేనన్ని సార్లు ఉంటుంది. పైగా పట్టణం నుంచి పర్ణశాల, దుమ్ముగూడెం వైపు బయలుదేరితే రెండు కిలోమీటర్లకే ఎటపాక వస్తుంది. అది ఆంధ్రప్రదేశ్. ఇంకా ముందుకు పోతే దారి మళ్లీ తెలంగాణలోకి వస్తుంది. బండి మీద పోయేవాళ్లకు ఇది పెద్ద విషయం కాదు. కానీ కరెంటు తీగకు, ప్రభుత్వ సేవకు, ఫిర్యాదు నంబరుకు ఆ గీత చాలా పెద్దది.

ఈ సమస్యను తెలుగు నేల ఇంతకుముందే ఒకసారి ఎదుర్కొంది. 2005 ఆగస్టు 15న హైదరాబాదులో 108 అత్యవసర సేవ మొదలైంది. ఎక్కడో కంట్రోల్ రూములో కూర్చున్న వ్యక్తి, ఎన్నడూ చూడని ఊరికి అంబులెన్సు పంపాలి. అందుకే ఏ జిల్లా, ఏ మండలం, ఏ ఊరు, దగ్గర్లో గుడి ఉందా, బడి ఉందా అని ఒక్కొక్కటీ అడుగుతారు. ఆ ప్రశ్నలు ఆలస్యం కోసం పెట్టినవి కావు. ఒకే పేరున్న రెండు ఊళ్ల మధ్య ప్రాణం చిక్కుకోకుండా పెట్టినవి.

ఏజెంటుకు రాసే కాగితంలో ఇదే జ్ఞానం ఉండాలి. ‘ఊరు’ అని ఒక్క ఖాళీ పెట్టి వదిలేయకూడదు. రాష్ట్రం, మండలం, పంచాయతీ, గూడెం లేదా గుంపు పేరు, దగ్గరి గుర్తు విడివిడిగా అడగాలి. అంతకన్నా ముఖ్యంగా ఒక వాక్యం రాయాలి: “ఒకే పేరుతో ఒకటికి మించి ఊళ్లు కనబడితే నీ అంతట నువ్వు ఎంచుకోవద్దు, రైతునే అడుగు.”

‘రేపు’ అంటే ఏ రేపు?

కంప్యూటర్లకు తేదీ రాయడానికి 1988లోనే ఒక అంతర్జాతీయ ప్రమాణం వచ్చింది. ఐఎస్ఓ 8601 అనే ఆ ప్రమాణం ప్రకారం ముందు సంవత్సరం, తర్వాత నెల, ఆ తర్వాత రోజు. 2/3 అని రాస్తే మార్చి రెండా, ఫిబ్రవరి మూడా అన్న గొడవ దానితో తీరింది. రైతు గొంతులోని ‘రేపు’ గొడవ మాత్రం తీరలేదు.

చాలా సర్వర్లు ప్రపంచ ప్రామాణిక సమయంలో నడుస్తాయి. మన గడియారం దానికంటే ఐదున్నర గంటలు ముందు. ఇక్కడ తెల్లవారుజామున 5 గంటలైతే, ఆ గడియారంలో ఇంకా నిన్నటి రాత్రి 11:30. రైతు లేచేది సరిగ్గా ఆ వేళకే. ఐదింటికి అతను “రేపు” అంటే, సర్వర్ తేదీని బట్టి లెక్కించే పనిముట్టు ఈ రోజు తేదీ వేస్తుంది. ఎండ పడ్డాక మాట్లాడితే ఇదే పనిముట్టు సరిగ్గా పనిచేస్తుంది కాబట్టి ఈ తప్పు పట్టుకోవడం కష్టం.

ఇంకో చిక్కు ఉంది. యంత్రానికి రోజు అర్ధరాత్రి మారుతుంది. మన పల్లె లెక్కలో, పంచాంగం లెక్కలో కూడా, రోజు తెల్లవారితే మారుతుంది. రాత్రి ఒంటిగంటకు కరెంటు కోసం చేలో కాపు కాసిన రైతు “రేపు పొద్దున్నే రా అన్నా” అంటే, అతని మనసులో ఉన్నది ఇంకో ఐదు గంటల్లో తెల్లారబోయే పొద్దు. క్యాలెండరు దాన్ని ఇరవై తొమ్మిది గంటల అవతలికి తోస్తుంది.

అడవి అంచున మూడో చిక్కు. సిగ్నల్ లేనిచోట మాట్లాడిన మెసేజి ఫోనులోనే ఉండిపోతుంది. సాయంత్రం చెప్పిన మాట, మర్నాడు రోడ్డు మీదికి వచ్చాక అందుతుంది. అందిన సమయం నుంచి ‘రేపు’ లెక్కవేస్తే ఒక రోజు తప్పిపోయినట్టే.

తెలుగులో ‘వారం’ అన్న మాట ఏడు రోజులకూ చెల్లుతుంది, ఒక్క రోజుకూ చెల్లుతుంది. “మాపటికి” అంటే సాయంత్రానికి. “సంతనాటికి” అంటే ఆ ఊరికి దగ్గరి సంత ఏ రోజు జరుగుతుందో తెలిస్తేనే అర్థం. “పూట పని” అంటే సగం రోజు. ఈ మాటలన్నీ ఏజెంటు చదివే కాగితంలోకి ఎక్కాలి. సమయాన్ని భారత కాలమానంలోనే లెక్కించాలని, రాత్రి పన్నెండు దాటాక తెల్లవారేలోపు ‘రేపు’ అంటే రాబోయే పొద్దేనా అని అడగాలని, చివర్లో తేదీని వారం పేరుతో కలిపి, “అంటే ఈ గురువారం, పొద్దున ఏడింటికి, సరేనా?” అని తిరిగి చెప్పి ఒప్పుదల తీసుకోవాలని రాసి ఉండాలి.

మూడు లైట్లు

ఇక ‘సమస్య’ అన్న మాట. వ్యవసాయ మోటారు ఎక్కువగా మూడు ఫేజుల మీద నడుస్తుంది. అందులో ఒక ఫేజు పోతే మోటారు గుర్రుమంటుంది గానీ తిరగదు. బలవంతంగా అలాగే ఉంచితే వైండింగ్ వేడెక్కి కాలిపోతుంది. మన రైతు చెప్పిన “గుర్రుమని ఆగిపోతోంది” అన్న మాటకు ఇది ఒక కారణం. పంపు ఇసుకతో పట్టేయడం, బేరింగ్ పోవడం, కాయిల్ దెబ్బతినడం మిగతా కారణాలు.

మొదటిది మెకానిక్ పని కాదు, లైన్‌మన్ పని. మెకానిక్ బైకు మీద వచ్చి, పెట్టె తెరిచి, టెస్టర్ పెట్టి చూసి “ఫేజు లేదు, లైన్‌మన్‌కు చెప్పు” అని వెళ్లిపోతే రైతుకు విజిట్ ఖర్చు దండగ, ఒక రోజు దండగ. దీన్ని తప్పించే ఉపాయం స్టార్టర్ పెట్టె మీదే ఉంటుంది. చాలా పెట్టెల మీద ఎరుపు, పసుపు, నీలం రంగుల్లో మూడు చిన్న లైట్లు ఉంటాయి. ఒక్కో ఫేజుకు ఒక్కోటి. మూడూ వెలుగుతున్నాయా అని అడిగితే చాలు. ఒకటి ఆరి ఉంటే ముందు బల్బు పోయిందా, ఫేజు పోయిందా తేల్చుకోవాలి. ఫేజే పోయి ఉంటే విద్యుత్తు ఫిర్యాదుల నంబరు 1912కు చెప్పాలి. ఆ నంబరు రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. అయితే తీగ ఏ రాష్ట్రానిదైతే ఆ రాష్ట్రపు పంపిణీ సంస్థ లైన్‌మనే స్తంభం ఎక్కాలి. ఊరు సరిగ్గా తెలుసుకోవడం ఇక్కడ కూడా అక్కరకు వస్తుంది.

పనిముట్టును ఎప్పుడు వాడాలో రాయడం అందరూ చేస్తారు. ఎప్పుడు వాడకూడదో రాయడమే మంచి డాక్యుమెంటేషన్‌కు గుర్తు. అందులో మొదటి వాక్యం ప్రాణానికి సంబంధించినది కావాలి. రైతు నోట ‘తీగ తెగింది’, ‘షాక్ కొట్టింది’, ‘పెట్టెలోంచి పొగ వస్తోంది’ అన్న మాట వినబడితే బుకింగ్ పక్కన పెట్టాలి. దగ్గరకు పోవద్దని, స్టార్టర్ ముట్టుకోవద్దని, వెంటనే 1912కు చెప్పాలని, మనిషికి దెబ్బ తగిలితే 108కి చేయాలని చెప్పాలి. ఆ తర్వాతే మిగతావన్నీ.

గోదావరి గేజీ చెప్పే షెడ్యూలు

ఒక మెకానిక్‌కు రోజుకు పది కాల్స్ ఉన్నాయనుకుందాం. ఏ ఊరు ముందు, ఏ ఊరు తర్వాత అన్న వరసలు 36,28,800 రకాలు. కాల్స్ పన్నెండు అయితే వరసలు 47 కోట్ల 90 లక్షలు దాటుతాయి. 1959లో జార్జ్ డాంట్జిగ్, జాన్ రామ్సర్ పెట్రోలు ట్యాంకర్లను బంకులకు తక్కువ దూరంలో తిప్పడం ఎలా అన్న లెక్కగా దీన్ని గణితంలోకి తెచ్చారు. అప్పటి నుంచి ఎన్నో మంచి పద్ధతులు వచ్చాయి. ఈ లెక్క భాషా నమూనా తన ఊహతో చేయాల్సింది కాదు. షెడ్యూలింగ్ సాఫ్ట్‌వేర్ చేయాలి. “దారి వరస నువ్వు నిర్ణయించవద్దు, పనిముట్టు ఇచ్చిన వేళల్లోంచే రైతుకు చెప్పు” అన్న వాక్యం కాగితంలో ఉంటే ఎవరి పని ఎవరిదో తేలిపోతుంది.

గణితానికి దూరాలు ఇస్తే సరిపోదు, దారి తెరిచి ఉందో లేదో కూడా చెప్పాలి. వానాకాలంలో ఈ ప్రాంతపు దారులను నిర్ణయించేది భద్రాచలం దగ్గర గోదావరి నీటిమట్టం. 43 అడుగులకు మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. నది ఎక్కేకొద్దీ లోతట్టు దారులు ఒక్కొక్కటే మునుగుతాయి. 1986 ఆగస్టులో మట్టం 75.6 అడుగులకు చేరింది. 2022 జులై 16న 71.3 అడుగులు నమోదైంది. ఆ వరదకు భద్రాచలం వంతెన మీద రాకపోకలే ఆపేశారు. ఇక్కడ పెరిగిన వాళ్లెవరైనా పొద్దున్నే అడిగే మొదటి మాట “గోదారి ఎంతుంది?” అనే. ఆ ప్రశ్న తెలియని షెడ్యూలింగ్ పనిముట్టు ఈ నేలకు పనికిరాదు.

దారి మూసి ఉన్నప్పుడు పనిముట్టు ఏమని జవాబివ్వాలి? చాలా సాఫ్ట్‌వేర్లు “బుకింగ్ విఫలమైంది” అని ఊరుకుంటాయి. ఏజెంటు దాన్ని చదివి కారణం తెలియక మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది, లేదా రైతుకు ఏదో ఒక కారణం కల్పించి చెబుతుంది. అదే జవాబు ఇలా ఉంటే? “ఈ దారి వరద వల్ల మూసి ఉంది. ఇదే తేదీకి మళ్లీ అడగవద్దు. దారి తెరిచాక ఈ రైతు పేరు వరసలో ముందు ఉంటుంది. రైతుకు ఈ మాటే చెప్పు.” తప్పు జరిగినప్పుడు వచ్చే సందేశం కూడా డాక్యుమెంటేషనే. తర్వాత ఏం చేయాలో చెప్పే అలాంటి సందేశం ఏజెంటును దారిలో పెడుతుంది.

సిగ్నల్ పోయిన క్షణం

యూపీఐలో డబ్బు పంపినప్పుడు తిరుగుతూ తిరుగుతూ స్క్రీన్ ఆగిపోవడం మనందరికీ అనుభవమే. వెళ్లిందా, వెళ్లలేదా? మళ్లీ పంపితే రెండుసార్లు పోతుందేమో అన్న భయం. ఏజెంటుకూ ఇదే పరిస్థితి వస్తుంది. బుక్ చేయమని చీటీ పంపింది, అవతల బుకింగ్ అయింది, “అయింది” అన్న కబురు మాత్రం తిరిగి రాలేదు. ఏజెంటు మళ్లీ పంపుతుంది. మెకానిక్ డైరీలో ఒకే రైతుకు రెండు వంతులు పడతాయి. ఇంకొక రైతుకు దక్కాల్సిన వేళ వృథా అవుతుంది.

దీనికి మందు గణితంలోని ‘ఐడెంపొటెన్స్’ అనే గుణం. ఒక పనిని ఒకసారి చేసినా పదిసార్లు చేసినా ఫలితం ఒక్కటే కావడం. లిఫ్టు బటన్ ఎన్నిసార్లు నొక్కినా లిఫ్టు ఒక్కసారే వస్తుంది కదా, అలా. ప్రతి కొత్త వినతికి ఒక ప్రత్యేక సంఖ్య వేయాలి. అదే సంఖ్యతో రెండోసారి వస్తే పనిముట్టు కొత్త బుకింగ్ చేయకుండా పాత దాని వివరాలే తిరిగి ఇవ్వాలి. ఈ సౌకర్యం కోడ్‌లో ఉంటే చాలదు. “జవాబు రాకపోతే అదే సంఖ్యతో మళ్లీ అడుగు, కొత్త సంఖ్య వేయవద్దు” అని కాగితంలో లేకపోతే ఏజెంటుకు ఆ విషయం తెలిసే మార్గం లేదు.

ఇప్పుడు ఆ రెండు వాక్యాల కాగితాన్ని మళ్లీ రాస్తే ఇలా ఉంటుంది:

“బోరు, బావి మోటార్లు బాగుచేసే మెకానిక్ రాకకు వంతు వేస్తుంది.
ప్రమాదం మాట వినబడితే దీన్ని వాడవద్దు. ముందు భద్రత చెప్పి 1912 లేదా 108కి పంపు.
స్టార్టర్ మీద మూడు లైట్లూ వెలుగుతున్నాయని రైతు చెప్పాకే వాడు. పెట్టెకు లైట్లు లేకపోతే ఆ మాట రాసి మెకానిక్‌కు పంపు.
ఊరు: రాష్ట్రం, మండలం, పంచాయతీ, గూడెం లేదా గుంపు, దగ్గరి గుర్తు. ఒకే పేరు రెండుచోట్ల ఉంటే అడుగు. ఉదాహరణ: గుండాల.
తేదీ: భారత కాలమానం. ‘రేపు’ను రైతు మాట్లాడిన సమయం నుంచి లెక్కించు. రాత్రి పన్నెండు నుంచి తెల్లవారేలోపు అన్న ‘రేపు’ను అడిగి తేల్చుకో. వారం పేరుతో తిరిగి చెప్పి ఒప్పుదల తీసుకో.
దారి వరస నువ్వు వేయవద్దు.
జవాబు రాకపోతే అదే వినతి సంఖ్యతో మళ్లీ అడుగు.
దీనికి తెలియనివి: వాగులు పొంగి అప్పటికప్పుడు తెగిన దారులు. అనుమానం ఉంటే షాపులోని మనిషికి అప్పగించు.
చివరిసారి సరిచూసిన తేదీ: …”

చివరి రెండు పంక్తుల విలువ గమనించండి. ఒకటి యూనిక్స్ మాన్యువల్ నుంచి వచ్చిన నిజాయితీ. రెండోది ఈ నేల నేర్పిన పాఠం. 1965లో కట్టిన గోదావరి వంతెన పక్కన 2024లో రెండో వంతెన తెరుచుకుంది. జిల్లాలు మారాయి, మండలాలు మారాయి. తేదీ లేని కాగితాన్ని యంత్రం ఎప్పటికీ నిజమనే నమ్ముతుంది.

ఎవరు రాయాలి?

ఈ కాగితంలోని చాలా పంక్తులు ప్రోగ్రామర్ తన గదిలో కూర్చుని రాయగలిగినవి కావు. మూడు లైట్ల సంగతి మెకానిక్‌ది. గుండాల సంగతి పోస్ట్‌మన్‌ది. ‘మాపటికి’, ‘సంతనాటికి’ అన్న మాటలు రైతువి. గోదావరి అడుగుల లెక్క ఒడ్డున బతికే ప్రతి ఇంటిది. ప్రోగ్రామర్ చేయాల్సింది వాళ్ల దగ్గర కూర్చుని, విని, పొల్లుపోకుండా రాసుకోవడం. రాసిన దాన్ని నిజమైన వాయిస్ మెసేజిల మీద, వాళ్ల అనుమతితో, పరీక్షించడం. ఏజెంటు ఎక్కడ పొరబడిందో చూసి ఆ చోట ఒక వాక్యం చేర్చడం.

ఇందులో మనం మరిచిపోకూడని మనుషులు ఉన్నారు. భద్రాచలం ఏజెన్సీలో ఎన్నో ఇళ్ల భాష కోయ. గోండికి దగ్గరి చుట్టం, ద్రావిడ భాషా కుటుంబానికి చెందినది. 2022లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన ‘భాషిణి’ భారతీయ భాషలకు మాట గుర్తింపు, అనువాద సాధనాలు అందిస్తోంది. అది ముఖ్యంగా పట్టించుకున్న రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో తెలుగు ఉంది, కోయ లేదు. కోయ రైతు తనకు రెండో భాష అయిన తెలుగులో యంత్రంతో మాట్లాడాల్సి వస్తే, ఆ మాటను యంత్రం తప్పుగా పోల్చుకునే ప్రమాదం ఎక్కువ. అందుకే కాగితంలో ఇంకో పంక్తి తప్పనిసరి: “మాట రెండోసారి కూడా అర్థం కాకపోతే మూడోసారి అడగవద్దు, వెంటనే మనిషికి కలుపు.” మనిషి గొంతు వినే దారి మూసేసే ఏ సాంకేతికతనూ మనం ఒప్పుకోకూడదు.

ఈ పుస్తకం చదువుతున్న వారిలో ఇంజినీరింగ్ విద్యార్థులు ఉంటారు, మెకానిక్‌లు ఉంటారు, పంచాయతీ కార్యదర్శులు ఉంటారు. మీ అందరికీ ఒక మనవి. మీ మండలంలో ఒకే పేరున్న ఊళ్ల జాబితా రాయండి. గోదావరి ఎన్ని అడుగులకు మీ ఊరి దారి మునుగుతుందో పెద్దలను అడిగి రాయండి. మీ దగ్గర మోటారు చెడితే, పంపు ఆగితే జనం ఏ మాటల్లో చెబుతారో ఆ మాటల్లోనే రాయండి. రేపు ఏ కంపెనీ ఏజెంటు మీ ఊరికి వచ్చినా ముందు చదవాల్సిన కాగితం అదే. మనం రాయకపోతే ఆ ఖాళీలను యంత్రం తనకు తోచినట్టు నింపుకుంటుంది. దాని ఖరీదు చేలో పూత రాలిన రైతు కడతాడు.